షాపులో రెండు గిటార్లు చూశాం, ఏది తీసుకోవాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మన స్టూడియోలో గిటార్ మాస్టారు ఉన్నారు. తిరుపతిలో గిటార్ నేర్పుతారు, సెటప్, అంటే తీగల ఎత్తూ అవీ సరిచేయడం, రిపేరు పనులు కూడా చేస్తారు. కొత్త అకౌస్టిక్ గిటార్ కొనాలనుకునేవాళ్ళు అడగొచ్చు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కణ్ణుంచి?

శ్రోత (పాకాల): నమస్కారం సార్. పాకాల నుంచి మాట్లాడతా ఉండా. మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది, గిటార్ కావాలంటా ఉండాది. మొన్న తిరుపతికొచ్చి రెండు షాపులు చూసినాం. ఒక షాపులో యమహా ఎఫ్310, ఇంకో షాపులో ఫెండర్ సీడీ-60ఎస్. ఫెండర్ గట్టిగా, బాగా మోగింది సార్. యమహా మొద్దుగా ఉండాది. అయితే అందరూ యమహానే తీసుకో, పోటీ లేదంటారు. ఏది తీసుకోమంటారు?

మాస్టారు: ఆ యమహా మీద తీగలు ఏ రంగులో ఉన్నాయి?

శ్రోత: రంగా సార్? నల్లగా, మచ్చలు మచ్చలుగా ఉండాయి.

మాస్టారు: ఫెండర్ మీద?

శ్రోత: మెరస్తా ఉండాయి.

మాస్టారు: మరి మీరు విన్నది గిటార్ కాదండీ, తీగల్ని. షోరూములో వేలాడే గిటార్‌ను వచ్చిన ప్రతివాడూ వాయిస్తాడు. చెమట పట్టి నెలల తరబడి అట్లాగే ఉంటే తీగ మెరుపు పోతుంది, మోత పోతుంది. మీరు రెండు షాపుల్లో రెండు గదుల్లో విన్నారు కూడా. టైల్సు, అద్దాలు ఉన్న గదిలో ఏది వాయించినా గట్టిగానే వినిపిస్తుంది. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే. రెండూ ఒకే గదిలో ఉండాలి, ఒకే తీగల సెట్ వేయించాలి, ఒకే శ్రుతిలో పెట్టాలి. ఆ తర్వాతే పోల్చాలి.

శ్రోత: కొత్త తీగలు షాపాయన వేస్తాడా సార్?

మాస్టారు: సెట్ డబ్బులు మీరిస్తానంటే వేస్తాడు. 12-53 లైట్ గేజ్ అడగండి, ఆ అంకెలు తీగల మందం. అమ్మాయి వేళ్ళు మెత్తనైతే 11-52 వేయించండి. ఏదైనా రెండింటికీ అదే. ట్యూనర్ యాప్‌లో ఏ 440, అంటే మామూలు శ్రుతి, పెట్టి, లావు తీగ నుంచి వరసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ సరిచేయండి. కొత్త తీగ సాగుతుంది కాబట్టి ఒకసారి ట్యూన్ చేసి వదిలేస్తే లాభం లేదు. పది నిమిషాలాగి మళ్ళీ చూడాలి. శ్రుతిలో లేని గిటార్ ఎంత ఖరీదుదైనా మొద్దుగానే ఉంటుంది.

శ్రోత: సరే సార్. అయితే ఫెండరే తీసుకోమంటారా?

మాస్టారు: ఆగండి, ఇంకా అక్కడికి రాలేదు. నొక్కితే అమ్మాయి వేళ్ళు నొప్పి పుట్టాయా?

శ్రోత: యమహా బాగా గట్టిగా ఉండాదంది సార్. షాపాయన మాత్రం యాక్షన్ అట్లే ఉంటాది, నెల పోతే వేళ్ళు అలవాటైపోతాయి అన్నాడు.

మాస్టారు: ఆ మాట నమ్మొద్దు. వేలి చర్మం గట్టిపడేది నిజమే, అయితే యాక్షన్, అంటే మెడ మీంచి తీగ ఎత్తు, ఎక్కువుంటే వేళ్ళు గట్టిపడేలోపే పిల్ల గిటార్ పక్కన పెట్టేస్తుంది. కొలవండి. జేబులో ఏటీఎం కార్డులుంటాయి కదా, అంకెలు ఉబ్బెత్తుగా లేనివి తీసుకోండి. ఒక్కో కార్డు దాదాపు ముప్పావు మిల్లీమీటరు మందం. ఫ్రెట్ అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ. పన్నెండో ఫ్రెట్ దగ్గర, లావు తీగ కింద, ఫ్రెట్ మీద మూడు కార్డులు పేర్చి పెట్టండి. తీగను ఎత్తకుండా ఒరుసుకుంటూ దూరితే రెండుంపావు మిల్లీమీటర్లు, బాగుంది. నాలుగో కార్డు కూడా వదులుగా దూరిందంటే మూడు దాటింది, ఎక్కువ. సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే సుఖం.

శ్రోత: ఎక్కువుంటే ఆ గిటార్ వదిలేయాలా?

మాస్టారు: వద్దు. బాడీ మీద తీగలు కట్టే బ్రిడ్జి ఉంటుంది కదా, దాని మీద తెల్లటి పట్టీ ఉంటుంది, శాడిల్ అంటారు. దాన్ని తీసి అడుగు వైపు సమంగా అరగదీస్తే తగ్గుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ ఒక మిల్లీమీటరు అరగాలి. శాడిల్ ఇప్పటికే బ్రిడ్జి మీద రవ్వంతే పైకుంటే మాత్రం అరగదీయడానికి చోటుండదు, ఆ గిటార్ వదిలేయండి. ఇంకోటి, నెక్, అంటే మెడ చూడండి. లావు తీగను ఒకటో ఫ్రెట్‌లోనూ, పద్నాలుగో ఫ్రెట్‌లోనూ నొక్కి పట్టుకోండి. ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఏ4 కాగితాలు రెండు పేర్చినంత సందుండాలి. అసలే లేకపోతే నెక్ వెనక్కి వంగిందని, బజ్, అంటే జిర్రుమనే మోత వస్తుంది. ఎక్కువుంటే ముందుకు వంగిందని. నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, పావు చుట్టు తిప్పితే చాలావరకు సరిపోతుంది, అది షాపువాళ్ళే చేయాలి. మీరు బిగించొద్దు.

శ్రోత: సరే సార్. ఇంకోటి... ఫెండర్‌కు యమహా కన్నా ధర ఎక్కువ చెప్పినాడు. ఎందుకు సార్? పేరుకా?

మాస్టారు: పేరుకే కాదు. సీడీ-60ఎస్‌లో పై పలక ఒకే చెక్క, సాలిడ్ టాప్. ఎఫ్310లో లామినేట్, అంటే పొరలు అంటించినది. కాబట్టి ఇవి ఒక తరగతి కాదు. సీడీ-60ఎస్‌కు జోడీగా యమహాలో చూడాల్సింది ఎఫ్‌జీ800, దాని టాప్ కూడా సాలిడ్. స్టిక్కర్ చూసి నమ్మొద్దు. సౌండ్ హోల్ అంచున ఫోన్ టార్చి వేసి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి అట్లాగే దిగితే సాలిడ్. అడ్డంగా పొరలు కనిపిస్తే లామినేట్. లామినేట్ అంటే చెడ్డదని కాదు. ఎండకూ ఉక్కకూ కొంచెం తట్టుకుంటుంది. మోతలో మాత్రం సాలిడ్‌దే పైచేయి.

శ్రోత: అయితే ఫైనల్‌గా ఏది సార్?

మాస్టారు: (నవ్వు) మీరు పేరు చెప్పేదాకా వదలరు. సరే. రెండింటికీ ఒకే తీగలు వేయించి, యాక్షన్ కొలిచి, ఎవరినైనా వాయించమని మీ అమ్మాయి వీపు తిప్పి కూచోవాలి. ఏది ఏదో తెలియకూడదు. అప్పటికీ ఫెండర్ నచ్చితే ఫెండరే. బడ్జెట్ ఎఫ్310కే సరిపోతే దాన్ని సెటప్ చేయించి తీసుకోండి, నేర్చుకోవడానికి దానికేం వంక లేదు. అమ్మాయి ఒళ్ళో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేస్తోందా? లేస్తే బాడీ పెద్దదని అర్థం. అప్పుడు ఎఫ్‌ఎస్800 చూడండి, బాడీ చిన్నది, స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 634 మిల్లీమీటర్లు. ఎఫ్‌జీ800కు 650. మరీ చిన్న చేతికి ఆ తేడా తెలుస్తుంది.

వ్యాఖ్యాత: పాకాల మిత్రులకు ధన్యవాదాలు. తర్వాతి కాల్, చిత్తూరు.

శ్రోత (చిత్తూరు): సార్, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలు తక్కువకొస్తోంది. తెప్పించుకోవచ్చా?

మాస్టారు: తిరిగి తీసుకునే గడువుంటే తెప్పించండి. రాగానే ఏటీఎం కార్డులతో యాక్షన్ చూడండి. ఆరు తీగల మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి మీటండి, ఎక్కడ జిర్రుమంటే దాని తర్వాతి ఫ్రెట్లలో ఏదో ఎత్తుందని. ఆ వెయ్యి సెటప్‌కే పోతే మిగిలేదేముంది?

వ్యాఖ్యాత: మదనపల్లె నుంచి మేడం.

శ్రోత (మదనపల్లె): నమస్తే. మా వాడికి క్లాసికల్ గిటార్ కొన్నాం, యమహా సీ40. నైలాన్ తీగలు మెత్తగా ఉన్నాయి, మోత చాలట్లేదంటున్నాడు. స్టీల్ తీగలు వేయిస్తే?

మాస్టారు: వద్దమ్మా, వద్దు. స్టీల్ 12-53 సెట్ లాగుడు మొత్తం 70 కిలోల పైనే. నైలాన్‌ది దాంట్లో సగం. లోపల పలకకు దన్నుగా అంటించే కర్రలు, బ్రేసింగ్, ఆ సగానికే చేశారు. టాప్ ఉబ్బుతుంది, బ్రిడ్జి ఊడిపోతుంది. గట్టి మోత కావాలంటే హై టెన్షన్ నైలాన్ సెట్ దొరుకుతుంది. నెక్ వెడల్పు కూడా చూసుకోండి. నెక్ పై చివర తీగలు ఆనే నట్ దగ్గర క్లాసికల్‌కు 52 మిల్లీమీటర్లు, మామూలు స్టీల్ తీగల అకౌస్టిక్‌కు 43. సినిమా పాటలకు కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాలు, వేయాలనుకునేవాడికి గిటార్ మార్పించుకోవడమే మేలు.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి, హలో?

శ్రోత (శ్రీకాళహస్తి): సార్, పికప్ ఉన్నది తీసుకుంటే స్టేజీ మీద...

మాస్టారు: స్టేజీ ఎక్కుతున్నారా ఇప్పుడే?

శ్రోత: లేదు సార్, ఇంకా నేర్చు... హలో... హలో...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయింది.

మాస్టారు: చెప్పేస్తాను. పికప్ అంటే గిటార్ మోతను స్పీకర్‌కు పంపే పరికరం. ఒకే ధరలో పికప్ ఉన్నదీ లేనిదీ ఉంటే, ఆ డబ్బు చెక్కలోంచి తీసి పికప్‌లో పెట్టారనే లెక్క. పికప్ తర్వాత బిగించుకోవచ్చు, చెక్క మార్చలేం.

వ్యాఖ్యాత: పుత్తూరు నుంచి చివరి కాల్.

శ్రోత (పుత్తూరు): నమస్తే సార్. శనివారం చెన్నై పోయి కొంటాం, కారులోనే తెస్తాం. దారిలో భోజనానికి ఆగుతాం. కొనేటప్పుడు ఏం చూడాలి?

మాస్టారు: శనివారం సాయంత్రం షాపులో గోల, ఏమీ వినపడదు. పొద్దున్నే షాపు తెరవగానే పోండి. బ్రిడ్జి వెనక అంచున సన్న కాగితం దూర్చి చూడండి, దూరిందంటే జిగురు వదులుతోంది, అది తీసుకోవద్దు. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, అంటే తీగను నొక్కకుండా వేలితో తాకి, మీటి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటండి. ట్యూనర్‌లో రెండూ ఒకే చోట నిలవాలి. ఇక కారు సంగతి. మన ఎండల్లో అద్దాలు ఎక్కించి నిలబెట్టిన కారులో జిగురు మెత్తబడుతుంది, బ్రిడ్జి లేస్తుంది. భోజనానికి ఆగితే గిటార్ కూడా మీతో లోపలికి రావాలి. డిక్కీలో అసలే వద్దు.

శ్రోత: తీగలు వదులు చేయాలా సార్?

మాస్టారు: ఒక స్వరం తగ్గిస్తే చాలు. పూర్తిగా వదిలేయొద్దు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. మాస్టారు గారికి ధన్యవాదాలు. లైన్లో ఉండిపోయినవాళ్ళు వచ్చేవారం ఇదే సమయానికి మళ్ళీ ప్రయత్నించండి. ఇప్పుడు వాతావరణ వివరాలు.