పిడికెడు బియ్యం మీద ఎవరూ దావా వేయలేదు

అయ్యగారికి, అమ్మగారికి, సంఘపెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, కోత పండుగకని పొరుగూళ్ల నుంచి వచ్చిన బంధువులందరికీ వందనాలు. ‘అనుదిన జీవితంలో విశ్వాసం’ అన్న అంశం మీద ఈ సాయంత్రం మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ బైబిలు తెరిచి వచనాలు రాసుకుందామని కూర్చున్నాను. కాగితం మీద కలం పెట్టగానే మా అమ్మ వంటింట్లోని డాల్డా డబ్బా గుర్తొచ్చింది. ఇక దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నాకు చేత కాలేదు.

ఆ డబ్బా పొయ్యికి ఎడమ పక్కన గూట్లో ఉండేది. దాని మీది పసుపు రంగు వెలిసిపోయి, కొబ్బరిచెట్టు లాంటి బొమ్మలో సగమే మిగిలింది. అమ్మ సోలతో బియ్యం కొలిచి చేటలో పోసుకుని, రాళ్లు ఏరి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆ వేళ పెదవులు కదిలేవి గానీ మాట వినబడేది కాదు. సన్నబియ్యం ఉన్న రోజున పిడికిలి ఎంత నిండుగా ఉండేదో, నూకలు తప్ప మరేమీ లేని రోజునా అంతే నిండుగా ఉండేది. ఒకసారి ఆకలి మీద ఉండి, "ఈ పూటకి వద్దులేమ్మా" అన్నాను. "దానికీ కలిపే కొలిచానే" అని చెప్పి, తన పని తాను చేసుకుంది. ఆదివారం ఉదయం డబ్బాలోని బియ్యాన్ని మూటగట్టుకుని వెళ్లి గుడిలో బల్ల ముందున్న గంపలో పోసేది. అందరి మూటలూ పడ్డాక ఆ గంపలో దొడ్డుబియ్యం, సన్నబియ్యం, నూకలు, అక్కడక్కడ జొన్నలు కలిసిపోయి, ఏది ఎవరిదో దేవునికి తప్ప తెలిసేది కాదు. మా నాన్న ఆ సంఘానికి ఉపదేశి, అంటే పల్లె గుడిలో ఆరాధన నడిపి వాక్యం బోధించేవారు. అందువల్ల మా ఇంటి నుంచి వెళ్లిన బియ్యమే జీతంలో భాగంగా కొంత మళ్లీ మా ఇంటికి వచ్చేదని మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం.

ఈ పిడికెడు బియ్యం వెనుక ఒక ఆర్థిక వాస్తవం ఉంది. మన పెద్దల్లో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. వాళ్లకు కూలి గింజల్లో ముట్టేది, డబ్బు చేతిలో మెదిలే రోజులు తక్కువ. నాణెం లేని మనిషి కానుక వేయలేడని అనుకుంటే, గుడిలో ఇచ్చేవారు కొందరు, పుచ్చుకునేవారు కొందరుగా సంఘం రెండుగా చీలిపోతుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, 1945లో కన్నుమూసేదాకా దోర్నకల్ మేత్రాసనంలో, అంటే తన పాలన కింది సంఘాలన్నిటిలో, ఈ విషయాన్నే పట్టుబట్టి బోధించారు. తిరునెల్వేలి సీమ నుంచి వచ్చి మన మధ్య స్థిరపడిన ఆయన, పేద విశ్వాసి కూడా ఇవ్వగలడని, ఇవ్వాలని నమ్మి, క్రైస్తవుడు ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. విదేశీ డబ్బు మీద నిలబడిన సంఘం తన కాళ్ల మీద నిలబడదన్నది ఆయన ఆలోచన.

ఇక్కడ మనందరం ఎప్పుడో ఒకప్పుడు పడ్డ ఒక మాటను కూడా చెప్పుకోవాలి. బియ్యం కోసం, గోధుమరవ్వ కోసం, పాలపొడి కోసం మతం మారారన్న మాట అది. ఆ మాట అనేవారికి ఒంగోలు కథ తెలియదు. 1876–78 ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన జనానికి పని చూపించారు. ఆ పనులు జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు, అడిగినవారికీ ఇవ్వలేదు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పైగా, క్లౌ ఒంగోలులో స్థిరపడకముందే క్రీస్తు సువార్తను పల్లె పల్లెకూ మోసినవాడు యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి. బియ్యం పుచ్చుకున్నారని నింద మోసిన ఆ జనమే తరతరాలుగా పిడికెడు చొప్పున బియ్యం ఇచ్చి పల్లెల్లో గుళ్లను నిలబెట్టుకున్నారు. ఈ రెండో సంగతి ఎవరి నోటా రాదు.

ఇప్పుడు మనసుకు కష్టమైన విషయానికి వస్తాను. మన సంఘాల్లో తగాదాలు ఎక్కువయ్యాయని, గుడికి తాళాలు పడుతున్నాయని, పెద్దలు కోర్టు మెట్లెక్కుతున్నారని, ఎన్నికలొస్తే ప్యానెళ్లు కట్టి విందులు పెడుతున్నారని మనమంతా బాధపడుతున్నాం. ఆ తగాదాలు దేని మీద అని చూస్తే నాకొక విచిత్రం కనబడింది. మిషన్ కాంపౌండు మీద ఉన్నాయి, బడి స్థలం మీద ఉన్నాయి, రోడ్డు పక్కన దుకాణాల అద్దెల మీద ఉన్నాయి, ఆసుపత్రి పాలకవర్గం మీద ఉన్నాయి. పిడికెడు బియ్యం మీద ఎవరూ దావా వేయలేదు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరినప్పటి నుంచి నూరేళ్లలో మిషన్లు సంపాదించిన స్థలాలు అప్పట్లో ఊరి చివర ఉండేవి. పట్టణాలు పెరిగి అవే నడిబొడ్డయ్యాయి. దొరలు వెళ్లిపోయాక ఆ ఆస్తి ట్రస్టుల పేరిట, సంఘాల పేరిట మన చేతికొచ్చింది. దాన్ని మనలో ఎవరూ తమ కంచం పక్కకు పెట్టి ఇవ్వలేదు కాబట్టి, అది పోతుంటే ఎవరి కడుపూ మండదు. అనుభవించేవారికి అది జాగీరుగానూ, మిగిలినవారికి పరాయి సొమ్ముగానూ కనబడుతోంది.

విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలకు వెళ్లడమేమిటి, అంతకంటే అన్యాయాన్ని సహించడం మేలు కదా అని పౌలు కొరింథు సంఘాన్ని మందలించిన మాట మనకు కంఠస్థమే. నా అనుభవంలో ఆ వచనాన్ని తాళంచెవి చేతిలో ఉన్నవాళ్లే ఎక్కువగా వాడుతున్నారు. లెక్క అడిగినవారి నోరు మూయించడానికి అది చాలా అక్కరకొస్తోంది. అదే పౌలు అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో, యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందాను ఒంటరిగా మోసుకెళ్లనని, తన మీద ఎవరూ నింద మోపకుండా ఉండేందుకు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకుంటానని రాశాడు. ఎనిమిదో అధ్యాయంలోని ఆ భాగం మీద ప్రసంగం విన్నవారెవరైనా ఇక్కడ ఉంటే చెయ్యెత్తండి. నేనైతే వినలేదు.

సంఘంలో మొట్టమొదటి సణుగుడు కూడా అన్నం పంపకం దగ్గరే పుట్టింది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. మన కమిటీల్లో అయితే ఏం జరిగేదో మీకు తెలుసు: సణిగినవారిని ఆత్మీయత లేనివారనేవాళ్లం, ఉపవాస ప్రార్థన పెట్టి విషయాన్ని మరిపించేవాళ్లం. అపొస్తలులు అలా చేయలేదు. సమూహాన్నంతటినీ పిలిచి, మీలోనుంచే ఏడుగురిని ఏర్పరచుకోండి అన్నారు. ఆ ఏడుగురి పేర్లను ఒకసారి నిదానంగా చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరు అన్యాయం జరిగిందన్నారో, పంపకం వారి చేతికే అప్పగించారని నేను అర్థం చేసుకుంటున్నాను. ఈ పేర్ల వరసను మనం సండే స్కూల్లో కంఠతా పట్టాం గానీ, అందులో ఉన్న ధైర్యం గురించి ఎవరూ మనకు చెప్పలేదు.

మన ఊళ్లలో ఈ చిక్కు ఇంకో ముడితో కూడా బిగుసుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులకు మన దగ్గర దక్కింది వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ విభాగం కింద 1 శాతం రిజర్వేషన్. అందుకని గుడికి వచ్చి, పాడి, ప్రార్థించి, రిజిస్టరులో మాత్రం పేరు ఎక్కించుకోని కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఈ చాపల మీద కూర్చున్న అందరికీ తెలుసు. వారిని పిరికివారనడానికి నాకు నోరు రాదు. పిల్లల చదువును పణంగా పెట్టమని వారికి చెప్పే హక్కు, పింఛను తీసుకుంటున్న నాకు లేదు. అయితే దీనివల్ల గుడిలో ఒక వింత జరుగుతోంది. రిజిస్టరులో పేరుండి, రసీదు మీద చందా కట్టినవారికే ఓటు. పేరు లేనివారికి ఓటూ లేదు, లెక్క అడిగే చోటూ లేదు. వారి బియ్యం మాత్రం గంపలో ఉంటుంది. గంప ఎవరి పేరూ అడగలేదు కాబట్టి వారు నిర్భయంగా పోయగలిగారు.

ఈమధ్య గుడి గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటించారు. నేను దానికి వ్యతిరేకిని కాను. హైదరాబాదులో, దుబాయిలో పనిచేసే మన పిల్లలు అక్కడి నుంచే కానుక పంపగలుగుతున్నారు. కాకపోతే ఇచ్చిన డబ్బు ఎటు పోయిందో గంప రోజుల్లో కంటికి కనబడేది. బియ్యం ఎన్ని శేర్లొచ్చాయో, ఎవరు కొన్నారో, ఉపదేశి ఇంటికి ఎంత వెళ్లిందో గుడి మెట్ల మీదే తెలిసిపోయేది. మార్కు సువార్తలో ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చుని, జనం ఎలా వేస్తున్నారో చూశాడని ఉంది. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని మనం ఏటా మెచ్చుకుంటాం. దానికి సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇళ్లను దిగమింగే శాస్త్రులను ఆయన తప్పుపట్టిన మాట దగ్గర మాత్రం చదవడం ఆపేస్తాం.

నా తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, మరో ఊళ్లో నేను కమిటీ సభ్యురాలిగా ఉన్నప్పుడు, వార్షిక సమావేశంలో ఒక పెద్దమ్మ లేచి, "నా బియ్యానికి ఎంతొచ్చిందయ్యా?" అని అడిగింది. కోశాధికారి నవ్వాడు, పెద్దలు నవ్వారు. ఆమె సరదాకి అడిగిందనుకుని నేనూ నవ్వాను. ఆ పూట నా ముందు పెట్టిన లెక్కల కాగితం మీద చదవకుండానే సంతకం చేశాను. తర్వాతి ఆదివారాల్లో ఆమె వచ్చింది, చివరి వరసలో కూర్చుంది, ఖాళీ చేతులతోనే వెళ్లింది. నేను బదిలీ అయ్యేదాకా ఆమె మళ్లీ బియ్యం తేలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు రాలేదు.

రేపు ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే వేలం ఉంటుంది. కోళ్లు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం బస్తాలు అన్నీ వస్తాయి. పాడుకున్నవారే మళ్లీ తిరిగిచ్చి, ఒకే గుమ్మడికాయను మూడుసార్లు పాడించే మన అలవాటును మానుకోమని నేను చెప్పను, అందులో ఎంతో సంతోషముంది. అయితే ఈసారి మొదటి పాట పాడకముందే నిరుటి వేలం లెక్కను, సంవత్సరమంతా వచ్చిన పిడికెడు బియ్యం లెక్కను చదివి వినిపిస్తానని మన కోశాధికారిగారు ఒప్పుకున్నారు. మొత్తం రెండు పేజీలేనట. దయచేసి ముందు వరస చాపలను పెద్దమ్మలకు వదిలిపెట్టండి, వెనక కూర్చుంటే వారికి మైకు సరిగా వినబడదు.