కండక్టరు విసుగు వెనుక ఏముంది?

[దృశ్యం: నెల్లూరు, ఆత్మకూరు బస్టాండు. పల్లెవెలుగు బస్సు కిక్కిరిసి ఉంది. మనుషుల మధ్య నుంచి కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని ముందుకు జరుగుతున్నాడు.]

వ్యాఖ్యాత: ఒకాయన చిన్న టికెట్టుకు ఐదువందల నోటు చాచాడు. వెనక సీటావిడ గుర్తింపు కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే. అయితే కార్డు చూపిస్తేనే సున్నా ఛార్జీ టికెట్టు, లేకపోతే డబ్బులు అడగాల్సిందే.

"నిన్నటాయన ఏమీ అనలేదే! నువ్వేం మనిషివయ్యా?" అందావిడ.

ఆ నిబంధన పెట్టింది కండక్టరు కాదు, సడలించే అధికారమూ ఆయనకు లేదు. చెకింగ్ వాళ్లు ఎక్కితే మాత్రం సంజాయిషీ ఆయనే చెప్పుకోవాలి. అడకత్తెరలో పోకచెక్క!

ఇలాంటి మనిషి ఒకరోజు కసురుకుంటే "పని మీద శ్రద్ధ లేదు" అని తేల్చేస్తాం. వ్యక్తిత్వ వికాస తరగతి పెడితే సరిపోతుందనుకునే అధికారులూ ఉంటారు. ఆ తరగతుల మీద నాకు పెద్ద గురి లేదు. వారాంతపు సెలవు రోజున పిలిచి పెడితే మరీనూ!

[తెరపై: బర్నవుట్]

ఆ విసుగు వెనుక ఉన్నది బర్నవుట్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధిగా కాకుండా ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. లక్షణాలు మూడు: ఒళ్లూ మనసూ హూనమవడం, పని మీద ఏవగింపు, తన చేత ఏదీ కావడం లేదన్న భావన.

రెండోదాన్ని కాస్త దగ్గరగా చూడండి. ఒకప్పుడు మెట్టెక్కలేని ముసలావిడకు చెయ్యందించి "నిదానం అవ్వా" అన్న మనిషే, ఇప్పుడు తలెత్తకుండా "ఎక్కడికి?" అంటాడు. మనకది మొరటుతనంలా కనిపిస్తుంది. ఆయనకు మాత్రం అది ఆత్మరక్షణ. ఎదుటివాళ్లను మనుషులుగా చూస్తే వాళ్ల మాటలు గుచ్చుకుంటాయి. దిగే స్టేజీలుగా చూస్తే గుచ్చుకోవు.

[దృశ్యం: ట్రంకురోడ్డులో బట్టల కొట్టు. కొనేవాళ్లు వెళ్లిపోయారు. గుట్టగా పడి ఉన్న చీరలను ఒక అమ్మాయి మడతపెడుతోంది.]

ఈ అమ్మాయి నవ్వు కూడా డ్యూటీలో భాగమే. అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హోచ్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది గురించి రాస్తూ, ఇలా జీతం కోసం మనసును అదుపులో పెట్టుకోవడాన్ని భావోద్వేగ శ్రమ అన్నారు. ఆ శ్రమ ఏ జీతం చీటీలోనూ కనిపించదు.

అంతకు ముందే, 1979లో, పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ ఇంకో సంగతి చెప్పారు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, నిర్ణయం తీసుకునే వీలు తక్కువగా ఉన్నచోటే మనిషి ఎక్కువగా నలిగిపోతాడు. మన కండక్టరు సరిగ్గా అక్కడే ఉన్నాడు.

అందుకే చప్పట్లూ ప్రశంసాపత్రాలూ కొన్నాళ్లకు మించి పనిచేయవు. నైట్ అవుట్ డ్యూటీ సంగతే తీసుకోండి. ఆఖరి ట్రిప్పుకు పల్లె చేరి, అక్కడే పడుకుని, తెల్లవారుజామున తొలి ట్రిప్పు తీయాలి. ఆ ఊళ్లో ఒక గది, స్నానానికి నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయా అన్నది ముందు చూడాలి. పొద్దున్నే డ్యూటీ ఎక్కేటప్పుడు డిపోలోనే తగినంత చిల్లర ఇస్తే సగం గొడవలు పుట్టవు. ఇక ఫిర్యాదు వచ్చినప్పుడు "ఎందుకలా మాట్లాడావు?" అనే ముందు, ఆ ట్రిప్పులో ఎంతమంది ఎక్కారో, అది ఆయనకు వరసగా ఎన్నో డ్యూటీయో డిపో రికార్డు తీసి చూడాలి.