నీళ్ళు పచ్చబడక ముందే

శ్రోతలకు నమస్కారం.

తాగునీటి జలాశయంలో నాచు పెరుగుతోందని మనకు ఎప్పుడు తెలుస్తుంది? సాధారణంగా నీళ్ళు పచ్చబడి, ఒడ్డున తెట్టు కట్టి, వాసన మొదలయ్యాక. అప్పటికి చేయగలిగింది తక్కువ.

1865లో ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో సెక్కీ ఒక తెల్లని బిళ్ళను తాడుతో సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఖర్చు లేదు, చెడిపోయేదీ లేదు. అయితే నీటిని మసకబరిచింది నాచో బురదో ఆ బిళ్ళ చెప్పలేదు.

ఆ తేడా పట్టేది సెన్సర్. నాచు కణాల్లోని పత్రహరితం మీద నీలి కాంతి పడితే, అందులో కొంత ఎర్రటి కాంతిగా తిరిగి వెలువడుతుంది. సెన్సర్ 470 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలి కాంతిని వదిలి, 685 దగ్గర ఎరుపు కోసం చూస్తుంది. బురద రేణువు అలా వెలగదు. విషాలను తయారుచేయగల సయనోబాక్టీరియా, అంటే నీలి-ఆకుపచ్చ నాచు అని పిలిచే బాక్టీరియా మాత్రం ఈ పరీక్షలో చాలావరకు తప్పించుకుంటుంది. దాని పత్రహరితంలో ఎక్కువ భాగం సరిగా వెలగని చోట ఉంటుంది మరి. అందుకే దానిలోని ఫైకోసయనిన్ అనే నీలి వర్ణకాన్ని నారింజ రంగు కాంతితో వెతికే మరో సెన్సర్ అవసరమవుతుంది.

వచ్చిన అంకెను చదవడంలోనే అసలు కిటుకు ఉంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు నాచు కణాలు అదనపు కాంతిని వేడిగా మార్చి వదిలించుకుంటాయి. దాంతో ఎర్రటి వెలుగు తగ్గి, మధ్యాహ్నం అంకె పడిపోతుంది. నాచు మాత్రం ఎక్కడికీ పోదు. రోజుకు ఒక్క అంకే చూసే తీరిక ఉంటే రాత్రి అంకె చూడమంటాను.

ఆక్సిజన్ కథ ఇంకా విచిత్రం. పగలు నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. పగలు పదకొండింటికి వచ్చి సీసా నింపుకుని వెళ్ళిన ఉద్యోగి పుస్తకంలో నీళ్ళు భేషుగ్గా ఉంటాయి. అదే చోట తెల్లవారుజామున చేపలు నోరు పైకెత్తి తంటాలు పడుతుంటాయి. గంటగంటకూ ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్‌కు ఈ ఊగిసలాట దొరుకుతుంది. పగలు నీటి క్షారగుణాన్ని చూపే పీహెచ్ అంకె కూడా 9 దాటుతూ ఉంటే, నాచు పెరుగుతోందన్న అనుమానం బలపడినట్టే.

సెన్సర్‌ను ఎక్కడ ఉంచామన్నదీ ముఖ్యమే. కొన్ని సయనోబాక్టీరియా కణాల్లో గాలి అరలుంటాయి. గాలి స్తంభించిన రోజున అవి పైకి తేలతాయి, గాలి వీస్తే ఒక ఒడ్డుకు చేరతాయి. ఒకే లోతున, ఒకే మూల ఉన్న పరికరానికి ఆ సంగతి తెలియదు. పైగా కొన్నాళ్ళకు పరికరం అద్దం మీదే నాచు పేరుకుంటుంది. అద్దాన్ని తుడిచే చిన్న బ్రష్ లేని సెన్సర్‌ను, ఎంత ఖరీదైనదైనా, నేను నమ్మను.

ఇక విషం మాట. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో సుమారు 4 లక్షల మందికి కుళాయి నీళ్ళు తాగవద్దని చెప్పారు. ఈరీ సరస్సులో పెరిగిన సయనోబాక్టీరియా నుంచి మైక్రోసిస్టిన్ అనే విషం నీటిలో కలిసింది. కాచినా అది పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది. ఆ విషంలో ఒక రకమైన మైక్రోసిస్టిన్-ఎల్ఆర్‌కు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము. ఇంత కొద్దిపాటి విషాన్ని ఈ కాంతి సెన్సర్లు కొలవలేవు, అది ప్రయోగశాల పని. ఫైకోసయనిన్ అంకె రాత్రులు వరుసగా పెరుగుతోందంటే నమూనా తీసి పంపే సమయం వచ్చిందన్నమాట. ఆ ఫలితం వచ్చేలోగా శుద్ధి కేంద్రంవారు నీటిని తోడే లోతు మార్చుకోవచ్చు, విషాన్ని పీల్చే బొగ్గుపొడిని సిద్ధం చేసుకోవచ్చు.