మీ గేమ్ మ్యాప్ మీద వాన కురిపించి చూశారా?

వానాకాలంలో కపిలతీర్థం దగ్గర జలపాతం ఎందుకు దూకుతుంది సామీ? పైన కొండ మీద పడిన నీళ్లు వాలు వెతుక్కుంటూ వచ్చి అక్కడ కలుస్తాయి గనక. ఇప్పుడు మీ గేమ్‌లో జలపాతం చూపించండి. దానికి నీళ్లు యాడ నుంచి వస్తున్నాయి? గుట్ట కొన మీద నుంచి ఏరు పారిస్తారా! చూస్తుంటే కడుపు మండిపోతుంది.

కొండల్ని బ్రష్‌తో చేత్తోనే చెక్కాలని ఒక జట్టు, అసలు భూమి ఎత్తుల డేటా దించుకుంటే చాలని ఇంకో జట్టు. ఈ కొట్లాట మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒకటే: వాన పడితే నీళ్లు వాలు వెంటే పారతాయా అనే వాన పరీక్ష నెగ్గని మ్యాప్ మ్యాపే కాదు!

చెక్కే జట్టు ముందు వినండి. మీ హైట్‌మ్యాప్‌ని, అంటే చుక్కచుక్కకీ ఎత్తు దాచిన బొమ్మని, క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పిక్సెల్‌కి ఎన్ని మీటర్లో చెప్పి, అందులో గ్రాస్ పరికరాల్లోని ఆర్.వాటర్‌షెడ్ నడపండి. ఏర్లు ఎక్కడ పుట్టాలో, ఎక్కడ కలవాలో గీసి చూపిస్తుంది. మీ నది ఆ గీత మీద లేదా? నదిని జరపండి, లేదంటే లోయ తవ్వండి.

డేటా జట్టూ, మీరేం నవ్వొద్దు. ఎత్తుల డేటాలో తిరుపతి ఉన్న ముక్క, టైల్ ఎన్13ఈ079 దించుకుని, డిగ్రీల్లోనే వదిలేసి స్లోప్ (వాలు) లెక్కిస్తారు. అడ్డం డిగ్రీలు, నిలువు మీటర్లు! అలిపిరి రోడ్డు కూడా గోడలాగా లేస్తుంది. ముందు మీటర్లలో కొలిచే మ్యాప్ పద్ధతి ఈపీఎస్‌జీ 32644కి, అంటే యూటీఎమ్ 44 ఉత్తరానికి మార్చండి. మార్చేటప్పుడు దగ్గరి చుక్క ఎత్తునే దించేసే నియరెస్ట్ నైబర్ వద్దు, చుట్టూ చుక్కల్ని కలిపి లెక్కేసే క్యూబిక్ పెట్టండి. లేకుంటే కొండంతా చారలే.

హైట్‌మ్యాప్‌ని 8 బిట్‌లో దాచారంటే ఎత్తుకి 256 మెట్లే. 900 మీటర్ల ఎత్తు తేడాకి ఒక్కో మెట్టు మూడున్నర మీటర్లు! 16 బిట్ పీఎన్‌జీలో అది 1.4 సెంటీమీటర్లకి దిగుతుంది. కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు చేత్తో ఇవ్వండి. ముక్కముక్కకీ ఆటోమేటిక్‌గా వదిలేస్తే అతుకు దగ్గర గోడ లేస్తుంది. అన్‌రియల్ గేమ్ ఇంజిన్‌లో సైజు 4033 పిక్సెల్‌లు పెట్టండి. నిలువు కొలత అయిన జెడ్ స్కేల్‌కి ఎత్తు తేడాని సెంటీమీటర్లలో రాసి 512తో భాగించాలి. 900 మీటర్లకి 175.78. 100 దగ్గరే వదిలేశారా, శేషాచలం 512 మీటర్లకి కుంగిపోతుంది.

ఆటగాడు విసుగెత్తి వెళ్లిపోతే గ్రాఫిక్స్‌ని తిడతారు. నన్నడిగితే దారులకి కారణం లేకపోవడమే అసలు రోగం. మన కొండకి చూడండి: అలిపిరి నుంచి తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్లే, 2388 మెట్లు. ఒకటి పొడుగు, ఒకటి నిటారు. భక్తుడు ఎంచుకుంటాడు, కాళ్లకి తేడా తెలుస్తుంది. ఆ ఎంపిక మీ మ్యాప్‌లో ఉందా? గ్రాస్‌లోనే ఉన్న ఆర్.వాక్‌తో నడక ఖర్చు లెక్కించి దారులు తీయండి. స్లోప్‌లో 44 డిగ్రీలు దాటిందంతా ఎరుపు వేయండి. అన్‌రియల్‌లో పాత్ర నడవగలిగే వాలు, మార్చకుండా ఉంచితే, 44.77 దాకానే. ఇంకో ఇంజిన్ యూనిటీలో 45. చుట్టూ ఎరుపున్న చోట నిధి దాస్తే ఎవరూ నడిచి చేరలేరు.

తలకోన జలపాతం, తిరుమల శిలాతోరణం మాత్రం ఈ డేటాలో వెతక్కండి. 270 అడుగుల తలకోన గోడ 30 మీటర్ల పిక్సెల్‌లో జారుడుబల్ల అయిపోతుంది. హైట్‌మ్యాప్‌లో ఒక చుక్కకి ఒకే ఎత్తు, తోరణం కింద ఖాళీకి చోటే లేదు. ఆ రెండింటినీ విడి మెష్‌లుగా (3డీ ఆకారాలుగా) చేసి నేల మీద కూర్చోబెట్టాల్సిందే.