తాడు తెగితే మోటారు మార్చొద్దు

పెద్దలకూ తమ్ముళ్లకూ నమస్కారం. ఆయుధపూజ పేరుతోనైనా మన నెల్లూరు ఆటోనగర్‌లో పనిచేసే చేతులన్నీ ఒకచోట చేరాయి. పొగడ్తలు పక్కనబెట్టి పనిలోకొస్తా.

కారులో రేడియో పెట్టగానే మోటారుతో పైకి లేచే యాంటెన్నా కడ్డీ, అదే పవర్ ఏరియల్ సంగతి. లోపల కడ్డీని పైకి తోసే నైలాన్ పళ్ల తాడు తెగితే చాలు, 'మోటారు పోయింది' అని మొత్తం సెట్టు మార్పించేస్తున్నారు. గుయ్యిమని తిరుగుతున్న మోటారును పారేయిస్తున్నారయ్యా! మోత వినబడుతోందంటే మోటారు బతికే ఉంది. తాడుతో పాటు వచ్చే కడ్డీ మారిస్తే సరిపోతుంది.

సరే, ఇంట్లోనే మార్చారు, అయినా లేవలేదు. ముందు పళ్లు చూడండి. పళ్లు గేరు వైపే ఉండాలి. నున్నటి వైపు తగిలితే గేరు ఊరికే తిరుగుతుంది. పాతది తీసేటప్పుడే పళ్లు ఎటున్నాయో సుద్దముక్కతో రేకు మీద గీత గీయండి. కొత్త తాడు దించి, గేరు పట్టినట్టు చేతికి తెలిశాక, కారులో కూర్చున్న మనిషిని రేడియో ఆపమనండి. మోటారే లాక్కుంటుంది. కడ్డీని నిటారుగా పట్టుకోండి, తోయొద్దు.

తెగిన తాడును కొత్తదాని పక్కన పెట్టి కొలవండి. జానెడు తక్కువొచ్చిందా, ఆ జానెడు లోపలే ఉంది. అది తీయకుండా కొత్తది ఎక్కిస్తే సగంలో బిగుసుకుని టకటకమంటుంది. మోటారు డబ్బా విప్పాల్సిందే.

ఇక వైర్లు. ఇక్కడే ఎక్కువ బండ్లు చెడుతున్నాయి, కాస్త ఇటు వినండి. చాలావాటికి మూడే: బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు, రేడియో పెడితేనే వచ్చే సిగ్నల్, బండి రేకుకు కలిసే ఎర్త్. ఆ మొదటిదాన్ని తాళం తిప్పితే వచ్చే కరెంటుకు కలిపేస్తున్నారు. తాళం తీయగానే కరెంటు పోయె, ఇక కడ్డీ ఎట్లా దిగుతుంది? సిగ్నల్ వైరుకు అదే కరెంటిస్తే రేడియో ఆపినా దిగదు. బయట కొన్న స్టీరియో నీలం వైరు సిగ్నల్‌కే. దాంతో నేరుగా మోటారు తిప్పితే స్టీరియో కాలుతుంది. రంగును నమ్మొద్దు, కరెంటుంటే వెలిగే టెస్ట్ ల్యాంపు పెట్టండి.

కడ్డీ లేచినా పాట గరగరమంటే ఎర్త్ చూడండి. మైపాడు, కొత్తపట్నం దారుల్లో తిరిగే బండ్లకు ఉప్పుగాలి తగిలి ఏరియల్ బిగించే నట్టు కింద రేకు తుప్పు పడుతుంది. ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దండి. అడుగున నీళ్లు పోయే గొట్టం కూడా ఊదండి. అది మూసుకుంటే వాననీరు మోటారులోకే పోతుంది. కడ్డీకి గ్రీజు వద్దు, ఇసుక పట్టి గరుకవుతుంది. గుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు.

ఈ బల్లమీద విప్పిన సెట్టు ఒకటుంది. వెనక నిలబడ్డ కుర్రాళ్లు ముందుకు రండి, పళ్లు గేరులో ఎట్లా పడతాయో వేలితో తాకి చూడండి.