చెట్టు కింద పైరు, పైరు కోశాక మంద: పటంలో ఏ రంగు వేయాలి?

నమస్కారం. పటం గీసేవాళ్లను బాగా తికమక పెట్టే నేల ఒకటుంది. చేలో అక్కడక్కడా పెద్ద చెట్లు, వాటి కింద పైరు, కోత అయ్యాక అదే చేలో పశువుల మంద. పటంలో ఒక చోటికి ఒక్కటే రంగు. దాన్ని అడవి అనాలా, సాగుభూమి అనాలా, మేతభూమి అనాలా? నేను చెప్పేది ఒక్కటే. పేరు ఆఖర్న పెట్టండి. చెట్లు ఎంత మేర కప్పాయి, కింద ఏముంది, ఆ నేలను దేనికి వాడుతున్నారు, ఈ మూడింటినీ ముందు వేర్వేరు గడుల్లో రాసుకోండి.

అసలు ‘మిశ్రమం’ అన్న మాటే రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తుంది. ఒకటి బొంత లాంటిది: చిన్న చేను, పక్కన చిన్న తోట, ఆ పక్కన పచ్చిక. రెండోది మిద్దె లాంటిది: పైన చెట్టు, కింద పంట లేదా గడ్డి, రెండూ ఒకే నేల మీద. బొంతను దగ్గరగా చూస్తే ముక్కలుగా విడిపోతుంది. మిద్దె ఎంత దగ్గరగా చూసినా విడిపోదు. ఐరోపా వారి కోరిన్ భూ ఆవరణ (నేలను ఏది కప్పింది అని చూపే) పటం ఈ తేడాను పట్టుకుంది. అందులో చిన్న కమతాల కలబోతకు 242, చెట్ల నీడన పంటో మేతో ఉన్న నేలకు 244 అని వేర్వేరు సంకేతాలు. స్పెయిన్‌లోని దెహెసా, పోర్చుగల్‌లోని మొంటాడో ఈ 244 కిందికి వచ్చే నేలలు. అయితే ఆ పటంలో 25 హెక్టార్ల కంటే చిన్న ముక్కను విడిగా గీయరు, 100 మీటర్ల కంటే సన్నని పట్టీనీ గీయరు. అంటే బొంతలో చాలా అతుకులు కొలత కారణంగానే ‘మిశ్రమం’ అవుతాయి. ఆ మిశ్రమం నేలది కాదు, స్కేలుది.

ఇక నిర్వచనాల గొడవ. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో అడవి అంటే 0.5 హెక్టారుకు మించిన నేల, 5 మీటర్లకు మించి ఎదిగే చెట్లు, 10 శాతానికి మించిన కొమ్మల కప్పు. కానీ నేల ప్రధానంగా సాగుకే వాడుతుంటే అది అడవి కాదు. పండ్ల తోటలు, చెట్ల కింద పంటలు వేసే పద్ధతులు బయటికి పోతాయి. మళ్లీ బెండు (కార్క్) ఓక్ తోటల్ని మాత్రం అడవిలోకే చేర్చారు! అటు ఐరోపా అంతరిక్ష సంస్థ 2020, 2021 సంవత్సరాలకు ఇచ్చిన 10 మీటర్ల ప్రపంచ పటం వాడకం జోలికి పోదు. 10 శాతం పైన చెట్లుంటే, కింద ఏమున్నా, అది ‘చెట్ల ఆవరణ’. ఒకటి వాడకాన్ని చెబుతోంది, ఇంకొకటి కంటికి కనిపించేదాన్ని చెబుతోంది. ఈ రెండు లెక్కల్ని పక్కపక్కన పెట్టి ‘అడవి పెరిగింది, తగ్గింది’ అనేవాళ్ల మాట నమ్మకండి.

చెట్లను లెక్కపెట్టడం వేరు, కప్పును కొలవడం వేరు. 8 మీటర్ల వెడల్పు కొమ్మలున్న చెట్టు సుమారు 50 చదరపు మీటర్లు కప్పుతుంది. హెక్టారుకు అలాంటివి 20 ఉంటే చాలు, 10 శాతం గీత తాకినట్టే. వ్యవసాయ సాయానికి అర్హత తేల్చడానికి ఐరోపా సమాఖ్య 2014లో చెదురుమదురు చెట్లున్న సాగు కమతాలకు హెక్టారుకు 100 చెట్ల గరిష్ఠ పరిమితి పెట్టింది (పండ్ల చెట్లకు, పచ్చికలో పశువులు మేయగల చెట్లకు అది వర్తించలేదు). 5 మీటర్ల కొమ్మలైతే ఆ 100 చెట్లు కప్పేది 20 శాతం. 10 మీటర్లైతే 79 శాతం. సంఖ్య ఒకటే, నేల రెండు రకాలు. కాబట్టి రెండూ నమోదు చేయండి.

కప్పు కొలవడానికి చవకైన పద్ధతి చుక్కల వల. స్పష్టమైన చిత్రం మీద 100 మీటర్ల చదరం గీసి, 10 మీటర్లకో చుక్క చొప్పున 100 చుక్కలు పెట్టండి. కొమ్మల మీద పడ్డ ప్రతి చుక్కా ఒక శాతం. ఇక్కడ మూడు తప్పులు జరుగుతాయి. నీడను కొమ్మలుగా లెక్కేస్తారు. మధ్యాహ్నానికి దగ్గర్లో తీసిన చిత్రం ఎంచుకుంటే ఇది తగ్గుతుంది. చెట్లు 10 మీటర్ల వరసల్లో ఉంటే చుక్కలన్నీ వరస మీదో, వరసల మధ్యనో పడతాయి. వలను ఏటవాలుగా తిప్పాలి. మూడోది, 10 శాతం దగ్గర 100 చుక్కల అంచనా 3 శాతం అటూ ఇటూ ఊగుతుంది. గీతకు దగ్గరున్న చోట 5 మీటర్లకో చుక్క పెట్టి 400 చేయండి, ఊగుడు సగమవుతుంది.

ఉపగ్రహ చిత్రంతోనే వర్గీకరిస్తే ఇంకో చిక్కు. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ (చిత్రంలోని అతి చిన్న గడి) 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. మన 8 మీటర్ల చెట్టు సరిగ్గా మధ్యలో పడ్డా సగమే నిండుతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు పిక్సెళ్ల మీదికి చీలిపోతుంది. ఫలితం చుక్కలు చల్లినట్టు వస్తుంది. చూడ్డానికి బాగాలేదని మెజారిటీ ఫిల్టర్ వేస్తారు, అంటే చుట్టూ ఎక్కువగా ఉన్న రకాన్నే ప్రతి పిక్సెల్‌కూ ఇస్తారు. దాంతో చెట్లన్నీ మాయం! ఫిల్టర్ వేయకముందే హెక్టారు గడికి చెట్ల శాతం లెక్కగట్టి పెట్టుకోవాలి.

కింద ఉన్నది పంటా, మేతా? ఒక్క చిత్రంతో తేలదు, ఏడాది పొడవునా పచ్చదనం గీత చూడాలి. పైరు నెమ్మదిగా ఎక్కి, కోతప్పుడు ఒక్కసారిగా పడుతుంది. దున్నితే బోడి నేల కనిపిస్తుంది. మేత నేల మెల్లగా తగ్గుతుంది, నీటి తొట్ల చుట్టూ తొక్కుడు మచ్చలు, వాటికి చేరే కాలిబాటలు ఉంటాయి. ఎండాకాలంలోనూ మిగిలే పచ్చదనం మామూలుగా చెట్లదే. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్‌లోని ఫైధర్బియా ఆల్బిడా మాత్రం తిరగబడిన చెట్టు: వానల్లో ఆకు రాల్చి, ఎండల్లో చిగురిస్తుంది. అక్కడ వానాకాలపు చిత్రంలో చెట్లు వెతికితే దొరకవు. దెహెసాలో కొన్ని ముక్కల్ని కొన్నేళ్లకోసారి దున్ని, మిగతా ఏళ్లు మేతకు వదులుతారు. ఒక్క ఏడాది చూసి పేరు పెడితే మరుసటి ఏడాది ‘మార్పు’ అని తేలుతుంది, నిజానికి మారిందేమీ లేదు. వీలైతే ఐదేళ్లు చూడండి.

పొలం దగ్గరికి వెళ్లినప్పుడు చెట్ల అమరిక తప్పకుండా రాయండి: చెదురుగానా, వరసల్లోనా, గట్ల మీదేనా. గట్టు చెట్లతోనే 12 శాతం వచ్చిన చేను ‘చెట్ల కింద పంట’ కాదు, అది పంట చేనే. ఎప్పుడు విత్తారు, మందను ఎప్పుడు వదులుతారు, ఆకు కోసి మేపుతారా అని సాగు చేసేవాళ్లనే అడగండి. తేదీ లేని క్షేత్ర నమోదు పనికిరాదు.

ఈ గడులన్నీ నిండాక పేరుకు ఒక నియమం రాసుకోవచ్చు. కప్పు 10 శాతం పైన ఉండి, చెట్లు చేలోపలే ఉండి, కింద దుక్కి జరిగితే చెట్టు-పంట. దుక్కి లేకుండా మేపుతుంటే చెట్టు-మేత. ఐదేళ్లలో రెండూ జరిగితే మూడూ కలిసినది. గీత 10 దగ్గరా 20 దగ్గరా అన్నది పటం వాడేవాళ్ల అవసరం. గడులు ఉన్నాయి గనక రేపు గీత మార్చినా మళ్లీ పొలానికి వెళ్లక్కర్లేదు.

అచ్చు పటంలో అడుగు రంగును కింది వాడకానికి ఇచ్చి, చెట్లను దాని మీద చుక్కలుగా పెట్టండి, పలచన, మధ్యస్థం, దట్టం అని మూడు మెట్లుగా. నాలుగో మెట్టు కన్ను తేలిగ్గా పట్టదు. 1:1,00,000 స్కేలులో 25 హెక్టార్ల ముక్క 5 మిల్లీమీటర్ల చదరమే. అందులో కనీసం నాలుగు చుక్కలు పట్టేలా ఎడం పెట్టుకోండి, లేకపోతే పలచన మెట్టు ఉత్త పొలంలాగే కనిపిస్తుంది.