డ్రాఫ్టులో పేరొచ్చింది సరే, పోస్టింగ్ ఎప్పుడు?

అందరికీ నమస్తే. ఈ వారం వీడియో కెనడా నుంచి కాదు, సిక్కోలు నుంచే. జూలై నెల. నాగావళి మీంచి గాలి వస్తూనే ఉంది, చెమట మాత్రం ఆగట్లేదు. డాబా మీద పరిచిన ఈ సామానంతా ఐస్ హాకీ ఆడే ఒక కుర్రాడి సంచిలోది. మనం స్కూల్లో ఆడిన హాకీ కాదిది. మంచు మీద, కాళ్లకి కత్తుల్లాంటి బ్లేడ్లు కట్టుకుని ఆడేది. సామాను సంగతి తర్వాత. ముందు వీధిలో అందరూ అడుగుతున్న ప్రశ్న తీసుకుందాం.

"ఆ గుంటడి పేరు డ్రాఫ్టులో వచ్చీసిందట కదా, ఇంకేటి, కోట్లే కదా?"

డీఎస్సీ రాసిన ఇళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మెరిట్ లిస్టులో పేరు రావడం వేరు, పోస్టింగ్ ఆర్డరు చేతికి రావడం వేరు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పెద్ద ఐస్ హాకీ లీగు. అందులోని జట్లు ఏటా వంతులవారీగా కుర్రాళ్ల పేర్లు ఎంచుకోవడమే డ్రాఫ్టు. అది మెరిట్ లిస్టు లాంటిది. మొత్తం 32 జట్లు, ఏడు రౌండ్లు, 224 పేర్లు. సెప్టెంబరు 15 నాటికి 18 ఏళ్లు నిండే కుర్రాళ్ల దగ్గర్నుంచి అందులోకి వస్తారు. పేరు చదివిన జట్టుకి దక్కేది ఒక్కటే: ఆ కుర్రాడితో ఒప్పందం మాట్లాడుకునే హక్కు. ఆ రోజు చేతికొచ్చేవి చొక్కా, టోపీ, ఫొటోలు. జీతం రాదు. జూనియర్ లీగు నుంచి వచ్చినవాడితో జట్టు రెండేళ్లలో సంతకం చేయించుకోకపోతే హక్కు పోతుందన్నది 2025 డ్రాఫ్టు దాకా నడిచిన లెక్క.

అసలు ఆ వయసుకి వాడు ఎక్కడుంటాడు? కెనడాలో పెద్ద జూనియర్ లీగులు మూడు: ఒంటారియో, వెస్టర్న్, క్యూబెక్ మారిటైమ్స్. 16 నుంచి 20 ఏళ్ల వాళ్లు ఆడతారు. ఒంటారియో, వెస్టర్న్ లీగుల్లో ఒక్కో జట్టుకి సీజనుకి 68 మ్యాచులు, మధ్యలో గంటల తరబడి బస్సు ప్రయాణాలు. మన పిల్లలు ఇంటర్‌కి విశాఖ హాస్టల్‌కి వెళ్లినట్టే పదహారేళ్లకే ఇల్లు వదులుతారు. ఉండేది మాత్రం హాస్టల్లో కాదు, ఆ ఊళ్లో ఒక కుటుంబంతో. దాన్ని బిల్లెట్ ఇల్లంటారు. చేతికిచ్చేది ఖర్చులకి సరిపడే చిన్న భత్యమే. అసలు విలువ ఇంకోచోట ఉంది: ఒక సీజను ఆడితే ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాలు. దానికి గడువులు, షరతులు ఉంటాయి. సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు ఆ పేజీయే రెండుసార్లు చదవాలి. 2025 ఆగస్టు నుంచి ఈ లీగుల్లో ఆడినవాళ్లు కూడా అమెరికా కాలేజీ హాకీకి అర్హులే. అంతకుముందు ఒక్క మ్యాచ్ ఆడినా ఆ తలుపు దాదాపు మూసుకుపోయేది.

ఇక పోస్టింగ్ ఆర్డరు. దాని పేరు ఎంట్రీ లెవెల్ కాంట్రాక్టు. 18 నుంచి 21 ఏళ్ల మధ్య సంతకం పెడితే మూడేళ్లు, 22, 23కి రెండేళ్లు, 24కి ఒకటి. జీతానికి పై హద్దు ఉంది. 2024, 2025 డ్రాఫ్టుల వాళ్లకి అది ఏడాదికి 9,75,000 డాలర్లు. వీధిలో చెప్పుకునే కోట్లు ఇవే. కానీ ఇది టూ-వే ఒప్పందం. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఆ లెక్క, కింది లీగయిన ఏహెచ్‌ఎల్‌లో ఉన్న రోజులకి ఏడాదికి ఎనభై వేల పైచిలుకు లెక్క. సీజను దాదాపు 190 రోజులు. భాగించి చూడండి: పైన రోజుకి అయిదు వేల డాలర్లకి కాస్త ఎక్కువ, కింద నాలుగొందల యాభై లోపు. నాలుగు రోజులు పైకి పిలిచి వెనక్కి పంపితే ఆ నాలుగు రోజులకే పెద్ద జీతం. అందులోనూ పన్ను, ఏజెంటు వాటా, ఎస్క్రో కింద, అంటే లీగు ఆదాయం లెక్క తేలేదాకా, ఆపుకునే సొమ్ము పోతాయి. జీతం పడేది సీజన్లోనే, వేసవిలో పడదు. కొత్త కుర్రాళ్లు బోల్తా పడేది ఇక్కడే. అక్టోబరులో కారు కొంటారు, జూన్‌లో వాయిదా కట్టలేరు.

ఇందులో తొమ్మిది మ్యాచుల మెలిక ఒకటుంది. 18, 19 ఏళ్లవాడు ఆ సీజన్లో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచులు ఆడకపోతే మూడేళ్ల గడియారం మొదలవదు, ఒప్పందం ఒక ఏడాది ముందుకి జరుగుతుంది. అందుకే చాలామంది పేరు తొమ్మిదో మ్యాచ్ తర్వాత కనబడదు. బాగా ఆడలేదనుకుంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి జట్టు చేతిలో చవకైన ఏడాది ఒకటి మిగులుతోంది. పైగా ఆ మూడు జూనియర్ లీగుల నుంచి వచ్చిన కుర్రాడికి ఇరవై నిండేవరకు ఏహెచ్‌ఎల్ దారి మామూలుగా ఉండదు. ఎన్‌హెచ్‌ఎల్‌లోనే ఉంచాలి, లేదా తిరిగి జూనియర్‌కి పంపాలి.

ఇరవై దాటాక మొదలవుతుంది రాకపోకల బతుకు. కొత్త కుర్రాణ్ని కింది జట్టుకి దించడానికి వేవర్స్ అక్కర్లేదు. అంటే మిగతా జట్లు లాక్కుపోయే ప్రమాదం లేదు. అందుకే ఇద్దరిలో ఒకణ్ని దించాలంటే ఆట తక్కువైనవాణ్ని కాదు, పోగొట్టుకునే భయం లేనివాణ్ని దించుతారు. ఈ ముక్క అర్థమైతే చాలా నిద్రలేని రాత్రులు తప్పుతాయి. వాంకూవర్ కింది జట్టు అబ్బాట్స్‌ఫర్డ్‌లో ఉంది, శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లినంత దూరం. ఎడ్మంటన్ జట్టుదేమో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో. పిలుపొచ్చినవాడు హోటల్లోనే ఉంటాడు. "ఇల్లు చూసుకో" అని కోచ్ నోటి వెంట వచ్చేదాకా అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. ఆ మాటే అసలైన పోస్టింగ్ ఆర్డరు.

పేరు లిస్టులో రానివాళ్ల సంగతీ చెప్పాలి. వాంకూవర్ పక్క సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ని డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. 2021-22లో రెడ్ డీర్ జట్టు తరఫున 68 మ్యాచుల్లో 112 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాసులు కలిపి) చేశాడు, ఆ సీజన్లో వెస్టర్న్ లీగులో అందరికంటే ఎక్కువ. వాంకూవర్ సంతకం చేయించుకుంది. అబ్బాట్స్‌ఫర్డ్‌లో ఆడుతూ 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. 2025లో ఆ అబ్బాట్స్‌ఫర్డ్ జట్టే ఏహెచ్‌ఎల్ టైటిలైన కాల్డర్ కప్ గెలిచింది, కోచ్ మానీ మల్హోత్రా. వీళ్లందరికంటే ముందు, 1989లో, భారత మూలాలున్న తొలి ఆటగాడిగా వాషింగ్టన్‌కి ఆడినవాడు రాబిన్ బావా.

జూనియర్లో నలభై గోల్స్ కొట్టినవాడు పైకి వెళ్లగానే నాలుగో లైన్లో, అంటే అందరికంటే తక్కువసేపు ఆడించే గుంపులో, పడతాడు. మ్యాచ్ మొత్తానికి ఎనిమిది, పది నిమిషాల ఆట. ఒక్కో షిఫ్టు, అంటే ఒకసారి మంచు మీదికి దిగితే ఆడేది, 45 సెకన్లు. అంత పరుగు తీసి బెంచీకి రావాలి. కొత్తవాడి పెద్ద తప్పు గోల్ ఆశతో నిమిషం దాటి ఉండిపోవడం. కాళ్లు బరువెక్కాక వెనక్కి రాలేడు, అవతలివాడు వాడి పక్కనుంచే దూసుకుపోతాడు. మ్యాచ్‌కి మూడు పీరియడ్లు, రెండోదాంట్లో ఇది మరీ ప్రమాదం. జట్లు వైపులు మారతాయి, బెంచీలు మారవు. అందుకని కాపాడుకునే గోల్ నుంచి మన బెంచీ దూరమవుతుంది. రెండో పీరియడ్లో పడే గోల్స్‌లో చాలావాటి వెనక ఈ దూరం ఉంటుంది. కోచ్ వీడియోలో చూసేది గోల్ ఎవరు కొట్టారని కాదు, బెంచీకి ఎప్పుడొచ్చాడని.

ఇక సామాను. ముందు స్కేట్లు, ఎందుకంటే సిక్కోలు గాలికి మొదట పాడయ్యేవి అవే. బ్లేడు అడుగున గాడి ఉంటుంది, రెండు పక్కలా రెండు అంచులు. గాడి వంపు అర అంగుళం వ్యాసార్థం ఉండటం మామూలు. అంకె తగ్గితే గాడి లోతవుతుంది, పట్టు పెరుగుతుంది, జారుడు తగ్గి తొడలు త్వరగా అలిసిపోతాయి. బరువైన కుర్రాడికి అంగుళంలో 5/8 వంతు నయం. సాన పట్టించాక రెండు అంచుల మీద ఒక నాణెం అడ్డంగా ఆనించి చూడండి. అది ఒక పక్కకి వాలితే అంచులు ఎగుడుదిగుడు, మలుపులో కాలు జారిపోతుంది. సిమెంటు గచ్చు మీద ఒక్క అడుగు వేసినా అంచు చిట్లుతుంది. ఈ తేమలో ఒక్క రాత్రికే తుప్పు ఎక్కేస్తుంది కాబట్టి పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాసి, గుడ్డ తొడుగు వెయ్యాలి. గట్టి ప్లాస్టిక్ తొడుగు నడవడానికే. దాన్ని అలాగే ఉంచేస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. ఆరబెట్టడం నీడలో, ఫ్యాను కింద. ఈ బూట్లని పాదానికి సరిపడేలా ఓవెన్లో వేడి చేసి మలుస్తారు, కాబట్టి మూసిన కారు డిక్కీలో మన ఎండకి వదిలేస్తే ఆకారం చెడే ప్రమాదం ఉంది.

కర్ర మీద 85 అని ఉంటే, దాన్ని ఒక అంగుళం వంచడానికి 85 పౌన్ల బలం కావాలని. శరీరం బరువు పౌన్లలో సగం వేసుకోవడం పాత లెక్క, మొదలుపెట్టడానికి చాలు. పైనుంచి రెండంగుళాలు కోస్తే కర్ర గట్టిపడుతుంది, ఆ సంగతి మర్చిపోయి షాట్ పోయిందని ఏడుస్తారు. మెడ రక్షణ తొడుగు లేకుండా ఎవర్నీ మంచు మీదికి పంపొద్దు. 2023 అక్టోబరులో ఇంగ్లండులో ఒక ఆటగాడు బ్లేడు మెడకి తగిలి చనిపోయాక అంతర్జాతీయ సమాఖ్య తన టోర్నీల్లో దాన్ని తప్పనిసరి చేసింది.

మంచు లేని ఊళ్లో వేసవి వృథా అనుకోకండి. వేసవిలో కావాల్సింది కాళ్ల బలం, అది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి పాత విద్యే. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ కాంస్యం దాకా వెళ్లారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇంటింటికీ వెయిట్‌లిఫ్టింగ్ తెలుసు. అక్కడి గురువుల దగ్గర క్లీన్ (బరువు నేల మీంచి భుజాలకెత్తడం), ఫ్రంట్ స్క్వాట్ (భుజాల ముందు బరువు పెట్టుకుని కూర్చుని లేవడం) నేర్చుకోవడం మంచి పెట్టుబడి. ఒక్కటే జాగ్రత్త: వాళ్లు పూర్తిగా కిందికి కూర్చోమంటారు, హాకీ ఆడేవాళ్లలో చాలామందికి తుంటి కీలు ముందుభాగంలో అంతలోతుకి నొక్కుతుంది. "గురువుగారూ, తొడ నేలకి సమంగా వచ్చేవరకే చేస్తాను" అని ముందే చెప్పాలి. గజ్జల్లో లోపలి కండరాల బలం బయటి కండరాల బలంలో 80 శాతానికి తగ్గితే గజ్జ పట్టేసే ముప్పు బాగా పెరుగుతుంది. అందుకే పక్కకి పడుకుని, పై కాలు బల్ల మీద ఆనించి నడుము లేపే వ్యాయామం వారానికి రెండుసార్లు తప్పనిసరి. తెల్లారగట్లే మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగించాలి, తర్వాత ఎండ పనిచెయ్యనివ్వదు. కర్రతో ఆడించే నేర్పుకి ఈ నున్నటి గ్రానైటు గచ్చు మీద గోల్ఫ్ బంతి చాలు, పాత కర్రతో.

తిరుగు ప్రయాణంలో బ్లేడ్లు చేతిసంచిలో పెట్టకండి, విమానాశ్రయంలో తీసేయొచ్చు. కర్రల సంచి పొడవు ముందే ఫోన్ చేసి అడగాలి. విశాఖ నుంచి మొదటి విమానం చిన్నదైతే కౌంటరు దగ్గర ఆగేది అదే. సెప్టెంబరులో రూకీ క్యాంపులు, అంటే కొత్త ఆటగాళ్ల శిబిరాలు. జెట్‌లాగ్ తీరి, మళ్లీ మంచు మీద రెండు మూడు వారాలు గడవాలంటే ఆగస్టు మొదటి వారానికే టికెట్ ఉండాలి. వినాయక చవితి ఇక్కడ చేసుకుని వెళ్తానంటే మాత్రం, ఇంట్లో ఎవరు బతిమాలినా, ఒప్పుకోకండి.